సీసా ఖాళీ అయ్యాక



ఈ వేళ మనం మాట్లాడుకోబోయేది జుట్టు గురించి. ఇంతోటి దానికి రేడియోలో ప్రసంగమా అని ఎవరైనా నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. దువ్వెనకు గుప్పెడు వెంట్రుకలు చుట్టుకుని వచ్చిన పొద్దు చూసినవాళ్లు మాత్రం నవ్వరు. ఏడాదో రెండేళ్లో తలకు మందు రాసుకుని, కాస్త ఒత్తుగా కనిపిస్తోంది కదా అని మానేసి, మూడో నెలలో స్నానాల గది జాలీకి నల్లటి ఉండ అడ్డుపడటం చూసినవాళ్లు అసలే నవ్వరు. ఈ మాటలు ముఖ్యంగా వాళ్ల కోసం. ఆ మందు రేపో మాపో మొదలుపెడదామని చూస్తున్నవాళ్ల కోసం ఇంకా ముఖ్యంగా.

ఇలాంటి మందులు దొరికే నయాపూల్ వంతెన సంగతి హైదరాబాద్ వాళ్లకు చెప్పనక్కర్లేదు. మూసీకి ఈవల అఫ్జల్‌గంజ్, ఉస్మానియా ఆస్పత్రి. ఆవల హైకోర్టు, మదీనా, పత్తర్‌గట్టి. పొద్దున ఎనిమిది దాటితే వంతెన మీద ఆటోలు, బస్సులు, చేతిలో ఓపీ చీటీతో నడిచేవాళ్లు. ఆస్పత్రి చుట్టుపక్కల వరసగా మందుల షాపులు. కాస్త అటు పోతే బేగంబజార్: నూనెలు, హెన్నా పొడులు, సవరాలు హోల్‌సేల్‌గా దొరికే చోటు. ఇటు చార్మినార్ దాకా నడిస్తే యునానీ దవాఖానా, దారి పొడుగునా కలోంజీ నూనె, ఉసిరి నూనె, మందార నూనె. జుట్టు ఊడుతోందని బాధపడే మనిషికి ఈ మైలు దూరంలో దొరకని చికిత్స లేదు. ప్రతి సీసా మీదా జుట్టు పెరుగుతుందనే ఉంటుంది. వాడటం మానేస్తే ఏమవుతుందో పెద్దక్షరాల్లో చెప్పే సీసా మాత్రం నాకు కనిపించలేదు.

ఆ షాపుల్లో ఒకదాని ముందు విన్న మాటలు చెబుతాను. పాతికేళ్లుంటాయేమో, టోపీ పెట్టుకున్న కుర్రాడు జేబులోంచి ఖాళీ సీసా తీసి కౌంటర్ మీద పెట్టాడు. "అన్నా, గీ మందు బంద్ జేసి మూడు నెలలాయె. ఎంటికలు మస్తు ఊడుతున్నయ్. మందే ఖరాబు జేసిందా ఏంది?" అన్నాడు. షాపాయన సీసా తిప్పి చూసి, "బంద్ జేస్తే గట్లనే అయితది తమ్మీ. మల్ల షురూ జెయ్యి," అన్నాడు. కుర్రాడు ఒక్క క్షణం ఆగి, "కొన్ననాడు గిది ఎవ్వరు జెప్పలే గదన్నా," అన్నాడు.

షాపాయన చెప్పింది నిజం. కుర్రాడు అడిగింది న్యాయం. ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీని పూరించడమే ఇవాళ్టి పని.

ఆ సీసాలో ఉన్నది మినాక్సిడిల్. ఇది జుట్టు కోసం పుట్టిన మందు కాదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన అప్‌జాన్ కంపెనీ దీన్ని రక్తపోటు మందుగా తయారుచేసింది. ఏ మందుకూ లొంగని బీపీ ఉన్నవాళ్లకు మాత్రలుగా ఇచ్చేవారు. మింగినవాళ్లకు బీపీ తగ్గింది కానీ నుదుటి మీద, చేతుల మీద, వీపు మీద వెంట్రుకలు మొలవడం మొదలైంది. కొలరాడోలో ఆ మాత్రలను రోగుల మీద పరీక్షిస్తున్న డాక్టర్ ఛార్లెస్ చిడ్సీ ఈ వింతను చర్మవైద్యుల చెవిన వేశారు. గుంటర్ కాన్, పాల్ గ్రాంట్ అనే ఇద్దరు డాక్టర్లు మందును ద్రావణంగా కలిపి తమ చేతుల మీదే రాసుకుని చూశారు. రాసిన చోట వెంట్రుకలు లేచాయి. ఇది 1970ల మొదట్లో మాట. ఆ తర్వాత పేటెంటు ఎవరిదన్న దాని మీద కంపెనీకీ వాళ్లకూ ఏళ్ల తరబడి తగాదా నడిచింది. చివరికి 1988లో 2 శాతం ద్రావణానికి అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది, మొదట మగవాళ్లకు, 1991లో ఆడవాళ్లకు. 5 శాతం ద్రావణం 1997లో వచ్చింది. ఇవాళ మన దేశంలో చాలా కంపెనీలు దీన్ని అమ్ముతున్నాయి. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ల మింటాప్‌లో ఉన్నదీ ఇదే మందు.

ఇప్పుడు వెంట్రుక సంగతి. మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతి వెంట్రుకకూ దాని కుదురు, దాని లెక్క, దాని కాలం. పెరిగే దశ రెండు నుంచి ఆరేళ్లు. ఆ కాలంలో నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పొడవవుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో కుదురు ముడుచుకుంటుంది. ఆపైన సుమారు మూడు నెలలు విశ్రాంతి. విశ్రాంతి చివర్లో కింద కొత్త వెంట్రుక మొలుస్తుంటే పాతది రాలిపోతుంది. ఏ రోజు చూసినా నూటికి తొంభై దాకా పెరిగే దశలోనే ఉంటాయి కాబట్టి, రోజుకు యాభై నుంచి వంద రాలినా తల మీద తేడా కనిపించదు.

రాలిన వెంట్రుక ఒకటి తీసి తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. దాని మొదలు దగ్గర సన్నని తెల్లటి బుడిపె కనిపిస్తుంది, ఆవగింజలో పదో వంతు ఉంటుందేమో. దాన్ని చూసి వేరుతో సహా ఊడి వచ్చిందని చాలామంది గుండె చేత్తో పట్టుకుంటారు. అది వేరు కాదు. విశ్రాంతి దశ ముగించుకున్న వెంట్రుక చివర గట్టిపడిన ముడి. కుదురు చర్మంలోనే ఉంది, మళ్లీ వెంట్రుకను పుట్టించే శక్తి దానికి ఉంది. పుట్టించేది లావుదా సన్నదా అన్నదే అసలు ప్రశ్న.

బట్టతలలో జరిగేది ఆ సన్నబడటమే. మగవాళ్లలో పురుష హార్మోను నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే పదార్థం, పుట్టుకతోనే దానికి లొంగే గుణం ఉన్న కుదుళ్ల మీద పనిచేస్తుంది. నడినెత్తిన, కణతల పైన ఉన్న కుదుళ్లు చిక్కిపోతాయి. పెరిగే దశ ఏళ్ల నుంచి నెలలకు కుదించుకుపోతుంది. ప్రతి విడతా ఇంకాస్త సన్నని, ఇంకాస్త పొట్టి వెంట్రుక మొలిచి, చివరికి నూగు మిగులుతుంది. ఆడవాళ్లలో ఎక్కువగా నడి పాపిడి వెడల్పవుతుంది, నుదుటి గీత మాత్రం అలాగే ఉంటుంది. ఇది కొన్ని నెలల్లో ముగిసే జబ్బు కాదు. ఆగకుండా, చప్పుడు లేకుండా, ఏళ్ల తరబడి సాగుతుంది.

మినాక్సిడిల్ ఏం చేస్తుంది? విశ్రాంతిలో ఉన్న కుదురును తొందరగా లేపుతుంది, పెరిగే దశను పొడిగిస్తుంది, చిక్కిపోతున్న వెంట్రుకను కొంత లావు చేస్తుంది. ఇదంతా నిజమే. అయితే డీహెచ్‌టీ జోలికి మాత్రం పోదు. చెదలు పట్టిన వాసం కింద ఆసరాగా గుంజ నిలబెట్టినట్టు అనుకోండి. గుంజ ఉన్నన్నాళ్లూ కప్పు నిలుస్తుంది. లోపల చెదలు మాత్రం తమ పని తాము చేసుకుపోతూనే ఉంటాయి. రెండేళ్ల తర్వాత గుంజ తీస్తే వాసం ఒకేసారి వంగుతుంది. తప్పు గుంజదని అనగలమా?

మందు ఆపినప్పుడు తల మీద జరిగేది ఇదే. మందు బలంతో పెరిగే దశలో నిలబడిన వెంట్రుకలన్నీ, ఆ బలం పోగానే, కాస్త అటూ ఇటూగా ఒకే కాలంలో విశ్రాంతిలోకి జారుకుంటాయి. విశ్రాంతి సుమారు మూడు నెలలు అని చెప్పుకున్నాం కదా. అందుకే మొదటి నెల ఏమీ కనిపించదు. చూశారా, మానేసినా ఏం కాలేదు అని మనిషి ధీమా పడతాడు. మూడో నెల వచ్చేసరికి దిండు మీద, చున్నీ మీద, హెల్మెట్ లోపల వెంట్రుకలే. ఈ మూడు నెలల ఎడమే అందరినీ తికమక పెడుతుంది. మందు ఆపిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. నింద కొత్త ఇంటి నీళ్ల మీద పడుతుంది, బోరు నీళ్ల మీద పడుతుంది, కొత్త షాంపూ మీద, చివరికి దిష్టి మీద కూడా పడుతుంది.

దీన్ని కొలిచి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలో వెరా ప్రైస్ అనే చర్మవైద్యురాలు, ఆమె తోటివాళ్లు 1999లో ప్రచురించిన పరీక్ష అది. 36 మంది మగవాళ్లు. కొందరికి 5 శాతం మందు, కొందరికి 2 శాతం, కొందరికి మందు లేని ద్రావణం, మిగిలినవాళ్లకు ఏమీ లేదు. 96 వారాలు రాయించారు. నెత్తి మీద గుర్తు పెట్టిన ఒక చిన్న చోట వెంట్రుకలను ఎప్పటికప్పుడు కత్తిరించి లెక్కపెట్టారు, తూకం కూడా వేశారు. మందు రాసినవాళ్ల జుట్టు బరువు స్పష్టంగా పెరిగింది. ఆ తర్వాత అందరికీ మందు ఆపి, ఇంకో 24 వారాలు చూశారు. ఆ 24 వారాల్లోనే మందు రాసినవాళ్ల లెక్క, తూకం రెండూ మందు లేని ద్రావణం రాసినవాళ్ల స్థాయికి దిగిపోయాయి.

ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి చేదు: రెండేళ్ల సంపాదన ఆరు నెలల్లో పోయింది. రెండోది ఊరట: దిగింది ఆ స్థాయి దాకానే. మందు అసలు రాయకపోయి ఉంటే ఇవాళ ఎలా ఉండేదో, దాదాపు అక్కడికి. మందు వాడి ఆపితే ఉన్నది కూడా పోతుందనే మాట పాన్ డబ్బాల దగ్గర, సెలూన్లలో తరచూ వినిపిస్తుంది. ఆ మాటకు ఈ కొలతల్లో ఆధారం లేదు. మరి అలా ఎందుకనిపిస్తుంది? మనం పోల్చుకునేది మందు మొదలుపెట్టిన రోజు ఫోటోతో. నడుమ గడిచిన రెండేళ్లలో మందు లేకపోతే పోవాల్సింది కూడా ఇప్పుడు కలిసి పోతుంది. నెమ్మదిగా పోవాల్సింది తొందరగా పోతే ఎక్కువ పోయినట్టే ఉంటుంది.

మందు ఇచ్చినప్పుడు కళ్లు పెట్టుకుని చూడటం సులువు, ఆపాక కూడా చూడటమే కష్టం. మందును పరీక్షకు నిలబెట్టడం అన్నది నయాపూల్ ఒడ్డుకు కొత్త కాదు. 1880ల చివర్లో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని కేంద్రం చేసుకునే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చుతో, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్ ఆధ్వర్యంలో, క్లోరోఫాం అనే మత్తుమందును పరీక్షించడానికి క్లోరోఫాం కమిషన్ పనిచేసింది. క్లోరోఫాం వల్ల ముందు ఊపిరి ఆగుతుందే తప్ప గుండె ఆగదని వాళ్లు తేల్చారు. ఇంగ్లండ్ దాకా ఆ మాట మీద వాదన నడిచింది. 1911లో లెవీ అనే శాస్త్రవేత్త గుండె లయ తప్పి నేరుగా ఆగిపోగలదని చూపాడు. హైదరాబాద్ తేల్చిన మాట నిలబడలేదు. మందు గురించి ఎంత పెద్దవాళ్లు చెప్పిన మాటైనా పూర్తి కాలం గమనించాకే నిలబడాలి. జుట్టు మందుకు ఆ పూర్తి కాలంలో ఆపిన తర్వాతి ఆరు నెలలూ భాగమే.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి చెప్పాలి. మన దేశంలో 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒక జాబితా ఉంది. ఏ మందూ నయం చేస్తానని చెప్పుకోకూడని జబ్బుల జాబితా అది. అందులో బట్టతల ఉంది, కొత్త జుట్టు మొలిపించడం కూడా ఉంది. అయినా 2025 ఏప్రిల్‌లో ఢిల్లీ నుంచి వచ్చిన ఒక మనిషి జుట్టు మొలిపిస్తానంటే పాతబస్తీలో, ఉప్పల్‌లో జనం గుండ్లు గీయించుకుని బారులు తీరారని పత్రికల్లో చదివాం. వాళ్లను వెక్కిరించి లాభం లేదు. పెళ్లిచూపుల్లో తల మీద టోపీ తీయమంటే ఎలా ఉంటుందో అనుభవించినవాడికే తెలుసు. కానీ శాశ్వతంగా నయం అన్న మాట ఎక్కడ వినిపించినా చెయ్యి జేబు మీద పెట్టుకోండి. మినాక్సిడిల్‌కు రుజువులున్నాయి. ఆ రుజువులు కూడా రాసినన్నాళ్లూ అనే అంటున్నాయి.

ఊడటమంటే అన్నీ ఒకటి కాదు. మూడు రకాలను విడదీసి చెబుతాను, కాస్త గుర్తుపెట్టుకోండి.

మొదటిది, మందు మొదలుపెట్టినప్పటి ఊడుడు. రాయడం మొదలుపెట్టిన రెండో వారం నుంచి ఎనిమిదో వారం లోపల కొందరికి జుట్టు ఎక్కువగా రాలుతుంది. విశ్రాంతిలో ఉన్న కుదుళ్లను మందు తొందరగా లేపింది కాబట్టి, పాత వెంట్రుకలు దారి ఇస్తున్నాయి. ఇది మందు పనిచేస్తోందనడానికి గుర్తు కావచ్చు. చాలామంది సరిగ్గా ఇక్కడే భయపడి సీసా పక్కన పడేస్తారు. అలా పడేస్తే ఊడింది ఊడుతుంది, రావాల్సింది రాదు. ఈ మందు ఫలితం చూడాలంటే కనీసం నాలుగు నెలలు ఓపిక పట్టాలి. పూర్తి ఫలితం తేలడానికి ఏడాది పట్టొచ్చు.

రెండోది, మందు ఆపినప్పటి ఊడుడు. ఇప్పటిదాకా చెప్పుకున్నది ఇదే. ఆపిన రెండు మూడు నెలలకు కనిపిస్తుంది, ముఖ్యంగా మందుతో బాగుపడిన చోట్లలో, అంటే నడినెత్తిన, పాపిడి దగ్గర.

మూడోది, ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పటి ఊడుడు. డెంగీ, టైఫాయిడ్, కొవిడ్, కాన్పు, ఆపరేషన్, ఉన్నట్టుండి తిండి తగ్గించి బరువు దించుకోవడం. వీటి తర్వాత కూడా రెండు మూడు నెలలకే తలంతా సమానంగా రాలుతుంది. క్లిగ్‌మన్ అనే అమెరికన్ డాక్టర్ 1961లో దీన్ని విడిగా గుర్తించి పేరు పెట్టారు. కారణం పోతే సాధారణంగా ఆరు నెలల్లో ఇది దానంతటదే సర్దుకుంటుంది. థైరాయిడ్ తేడా, ఒంట్లో ఇనుము తగ్గడం ఉంటే మాత్రం వాటికి వైద్యం కావాలి.

తికమక ఎక్కడంటే, ఈ మూడూ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. వర్షాకాలంలో డెంగీ వచ్చి మంచం పట్టిన మనిషి మందు రాయడం ఎలాగూ మానేస్తాడు. మూడు నెలలకు తల ఖాళీ అవుతుంటే అందులో జ్వరం వాటా ఎంత, మందు ఆపిన వాటా ఎంత? కంటితో చెప్పడం కష్టం. అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు నిన్నా మొన్నా ఏం చేశారో చెప్పడం కన్నా, మూడు నెలల కింద ఏం జరిగిందో చెప్పండి. క్యాలెండర్ వెనక్కి తిప్పి చూసుకోండి. ఉస్మానియాలో చర్మవ్యాధుల విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుంటే చాలు. నీళ్ల మీద నింద వేసే ముందు ఈ పని చేయండి. లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లు వెంట్రుకను బిరుసు చేస్తాయి, చిక్కు పడేలా చేస్తాయి. నడినెత్తి మీద కుదుళ్లు చిక్కిపోవడానికి కారణం మాత్రం వేరే వెతకాలి.

సరే, మందు ఎందుకు ఆపుతారు? డబ్బు కావచ్చు. రోజుకు రెండుసార్లు రాసుకోవడం విసుగు కావచ్చు. పెళ్లి కుదిరింది, ఇక దేనికి అనుకోవచ్చు. తిరుమలలో తలనీలాలిచ్చో, ఉమ్రాకు వెళ్లి గుండు గీయించుకునో వచ్చి, ఇప్పుడు ఒత్తుగా వస్తుందిలే అని మానేయొచ్చు. గుండు వల్ల కుదురు మారదు. కత్తిరించిన మొన మొద్దుగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు లావుగా అనిపిస్తుంది, అంతే. గుండు మీద కోతలు, పుండ్లు ఉంటే మానేదాకా మందు ఆపండి. ప్రయాణంలో నాలుగు రోజులు మరిచిపోతే కంగారు పడొద్దు, మరిచిపోయిన దానికి బదులుగా రెట్టింపు కూడా రాయొద్దు. నాలుగు రోజుల విరామంతో జరిగే నష్టం లేదు. నెలల తరబడి మానేస్తేనే లెక్క మారుతుంది.

కొందరు మాత్రం ఆపి తీరాలి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ మందు వాడకూడదు. పెళ్లయిన ఆడపిల్లలు ఈ సంగతి డాక్టర్‌తో ముందే మాట్లాడుకోవాలి. రాసినప్పటి నుంచి గుండె దడ, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చేతులకో కాళ్లకో వాపు ఉంటే ఆపి వెంటనే డాక్టర్‌ను కలవాలి. ఇది బీపీ మందుగా పుట్టిందని మరిచిపోకండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు అడగకుండా మొదలుపెట్టనే కూడదు. నెత్తి దురద, పొట్టు, మంట ఉంటే మాత్రం తొందరపడి మొత్తానికి వదిలేయొద్దు. చాలాసార్లు దురదకు కారణం మందు కాదు, ద్రావణంలో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్. అది లేని నురగ రూపంలోనూ ఇదే మందు దొరుకుతుంది. మార్చుకోవచ్చేమో అడగండి.

సీసా మీది అక్షరాలు కూడా చదవండి. మన మార్కెట్లో మినాక్సిడిల్ ఒక్కటే ఉన్న సీసాలున్నాయి, ఫినాస్టరైడ్ అనే ఇంకో మందు కలిపినవీ ఉన్నాయి. ఫినాస్టరైడ్ డీహెచ్‌టీ తయారీనే తగ్గిస్తుంది. కడుపులో ఉన్న మగబిడ్డకు అది హాని చేయగలదు. భర్త సీసా, భార్య సీసా ఒకటే అనుకుని ఇంట్లో పంచుకోవద్దు. అన్న వాడుతున్నాడని తమ్ముడు మొదలుపెట్టొద్దు. రాసుకున్నాక చేతులు కడుక్కోండి. నాలుగు గంటలు తల తడపకుండా ఉంచండి. ఆరకముందే టోపీ, బురఖా, హెల్మెట్ పెట్టకండి, దిండు మీద వాలకండి. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లకు ఇంకో మాట: మినాక్సిడిల్ పిల్లులకు విషం. కారిన చుక్క నాకినా ప్రాణాపాయమే.

ఆపాలనే నిర్ణయానికి వచ్చినవాళ్లకు ఏం చెప్పాలి? ఒక్కసారిగా కాకుండా రోజు విడిచి రోజు రాస్తూ తగ్గిస్తే ఊడదని కొందరంటారు. అలా చేస్తే వెంట్రుక నిలుస్తుందన్న హామీ ఏదీ లేదు. ఆపే రోజు పగటి వెలుతురులో నెత్తి, పాపిడి, కణతలు ఫోటో తీసి తేదీ రాసుకోండి. రాలే నెలల్లో రాలిన వెంట్రుకలు లెక్కపెడుతూ కూర్చుంటే మనసు పాడవడమే మిగులుతుంది. ఆరు నెలల తర్వాత అదే చోట, అదే వెలుతురులో ఇంకో ఫోటో తీసి పోల్చుకోండి. అప్పటికి రాలడం నెమ్మదించి మామూలు వేగానికి వస్తుంది. గుండ్రటి మచ్చల్లా ఊడుతున్నా, నెత్తి ఎర్రబడి నొప్పి పెడుతున్నా, ఆరు నెలలు దాటినా గుప్పెళ్లుగానే వస్తున్నా అది మందు ఆపిన ఊడుడు కాకపోవచ్చు. చూపించుకోవాలి.

మళ్లీ మొదలుపెట్టొచ్చా? పెట్టొచ్చు. కానీ మళ్లీ మొదటి మెట్టు నుంచే: మొదట్లో రాలడం, నాలుగు నెలల ఓపిక, అన్నీ కొత్తగా. ఆగి, మొదలుపెట్టి, మళ్లీ ఆగితే డబ్బుకు డబ్బూ పోతుంది, జుట్టూ నిలవదు. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నాం కాబట్టి మందు అక్కర్లేదనుకునేవాళ్లకూ ఒక మాట. వెనక నుంచి తెచ్చి నాటిన వెంట్రుకలు గట్టివే. వాటి పక్కన ముందు నుంచి ఉన్నవి మాత్రం తమ దారిన తాము సన్నబడుతూనే ఉంటాయి. ఇవేవీ వద్దు, ఉన్నంత చాలు అని క్షౌరశాలలో పొట్టిగా కత్తిరించుకుని హాయిగా తిరగడం కూడా గౌరవమైన నిర్ణయమే. బట్టతల ప్రాణం తీసే జబ్బు కాదు. దానికి వైద్యం చేయించుకోవాలన్న నియమమూ లేదు.

ఇంత మాట్లాడాక చెప్పేది ఒక్కటే. ఆపితే ఏమవుతుందన్న ప్రశ్నకు సరైన వేళ ఆపిన తర్వాత కాదు, మొదటి సీసా కొనే ముందు. కౌంటర్ దగ్గర ధర అడుగుతాం, ఏ కంపెనీదని అడుగుతాం, ఎక్స్‌పైరీ తేదీ చూస్తాం. ఇంకో మూడు ప్రశ్నలు కలపండి. ఎన్నాళ్లు రాయాలి? ఆపితే ఏమవుతుంది? నెలనెలా ఇంత ఖర్చు పదేళ్లయినా పెట్టగలనా? మూడో దానికి జవాబు డాక్టర్ దగ్గర ఉండదు, మీ దగ్గరే ఉంటుంది. పెట్టగలనంటే నిశ్చింతగా మొదలుపెట్టండి, మొదటి రెండు నెలల రాలుడుకు భయపడకండి. పెట్టలేనంటే మొదలుపెట్టకపోవడంలో నష్టమేమీ లేదు. మందులు అమ్మే సోదరులకు కూడా ఒక మనవి. "బంద్ జేస్తే గట్లనే అయితది" అన్న మీ మాట బంగారం లాంటిది. ఆ మాట సీసా చేతికిచ్చే రోజునే చెప్పండి. చెబితే ఒక సీసా తక్కువ అమ్ముడుపోతుందేమో. మూడు నెలల తర్వాత మందే తల పాడుచేసిందని మీ కౌంటర్ ముందు నిలదీసే మనిషి మాత్రం ఉండడు.